బానెట్ మీది చెయ్యి

మా ఇంట్లో కారుకు మైనం పూసేది అమావాస్య నాడు. ఆ మైనం తయారు చేసినవాళ్లు వింటే నవ్వుతారేమో గానీ, మాకు అది పూజలో భాగం. జహీరాబాద్‌లో బండి ఉన్న ప్రతివాడూ అమావాస్యకు బండి కడిగి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొడతాడు. లారీవాళ్లయినా ట్రాక్టరువాళ్లయినా అంతే. మా బాపు దానికి ఇంకో పని కలుపుకున్నాడు. కడిగాక, నిమ్మకాయ కట్టకముందు, కారంతా మైనం పూసేవాడు. ఎందుకు పూసేవాడో నాకు చిన్నప్పుడే తెలుసు. తెలుసు కాబట్టే ఆ ఉదయాలంటే నాకు భయం.

మైనం అంటే కొవ్వొత్తి ముద్ద కాదు. సీసాలో వచ్చే పల్చటి మైనం. గంజిలా ఉండేది, కిరసనాయిలు వాసన కొట్టేది. బాపు హైదరాబాద్ పోయినప్పుడల్లా తెచ్చుకునేవాడు. ఆయన దాన్ని పాలిష్ అనేవాడు. నాయనమ్మ మాత్రం కారు సున్నం అనేది, ఎండితే గోడకు సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది గనుక. ఆమె ఎగతాళికి పెట్టిన పేరే అది. కానీ మా ఇంటి కథ నిజంగా సున్నంతోనే మొదలైంది.

కారు మా ఇంటికి వచ్చింది డెబ్బయ్యవ దశకం మధ్యలో, ఎండాకాలంలో. నల్లటి అంబాసిడర్. బాపుది అల్లం, ఆలుగడ్డల వ్యాపారం. అప్పటిదాకా రాయికోడ్‌కూ మొగుడంపల్లికీ బస్సుల్లో, లారీల ముందు సీట్లలో తిరిగినవాడు. ఆ రోజు ఆయన స్టీరింగు పట్టుకుని చిరాగ్‌పల్లి వైపునుంచి వస్తుంటే బజారంతా చూసిందని నాయనమ్మ ఏళ్ల తరబడి చెప్పేది. నాకు గుర్తున్నది మాత్రం అమ్మ చెయ్యి.

దిష్టి తీయడానికి అమ్మ పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసింది. తిప్పి వాకిట్లో పారబోసింది. పళ్లెం అడుగున చిక్కటి ఎర్రముద్ద మిగిలింది. అమ్మ పుట్టిల్లు బీదర్ అవతల. వాళ్ల దిక్కు కొత్త ఎడ్లొచ్చినా, కొత్త గాదె కట్టినా ఇంటి ఆడమనిషి దానిమీద చెయ్యి అద్దాలట. అమ్మ ఇంకేమీ ఆలోచించకుండా అరచేతికి ఆ ముద్ద పూసుకుని బానెట్ మీద గట్టిగా అద్దింది. ఐదు వేళ్లూ పడ్డాయి. చిటికెన వేలు మాత్రం బయటికి తిరిగి పడింది. చిన్నప్పుడు బండి కాడి కింద నలిగిన వేలు అది, మళ్లీ నిటారు కాలేదు.

"అమాస దాక కడగొద్దు. దిష్టి తాకకుంట అది కాపాడ్తది," అంది నాయనమ్మ.

ఎవరూ కడగలేదు. ఎండ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. అమావాస్య నాడు నీళ్లు పోస్తే ఎరుపంతా పోయింది, చెయ్యి పోలేదు. సున్నం రంగును తినేసింది. చుట్టూ అద్దంలా మెరుస్తున్న నలుపు, మధ్యలో మెరుపు చచ్చిన ఒక అరచెయ్యి. బాపు గోరుతో గీకాడు, కొబ్బరినూనె రాశాడు, తడిగుడ్డతో రుద్దాడు. ఊహూఁ.

అప్పుడు అమ్మను ఆ మాట అన్నాడు. వాకిట్లో, పక్కింటివాళ్లు నిలబడి వింటుండగా అన్నాడు.

"కొత్త బండిని ఖరాబ్ చేస్తివి గదనే. నీ చెయ్యి పడ్డది ఏదన్న బాగుపడ్డదా?"

అమ్మ నల్లా దగ్గరికి పోయి చాలాసేపు చేతులు కడుక్కుంది. అమావాస్యదాకా ఉంచమన్న నాయనమ్మ ఏమీ ఎరగనట్టు కొబ్బరికాయ పీచు తీస్తూ కూర్చుంది. ఆ సంగతి ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

తరువాతి వారం బాపు హైదరాబాద్ నుంచి మైనం సీసా తెచ్చాడు. ఎవరో చూపించారట, పద్ధతి నేర్చుకుని వచ్చాడు. ఎండలో పూయకూడదు, పట్టేసుకుంటుంది. కారు నీడలో పెట్టి, నీటి చుక్క లేకుండా తుడిచి, సీసా బాగా కదిలించి, పాత ధోతి ముక్కతో గుండ్రంగా రుద్దుతూ పూయాలి. ఆరి తెల్లబడేదాకా ఆగాలి. వేలితో రాస్తే పొడిగా రావాలి. అప్పుడు ఇంకో మెత్తటి గుడ్డతో తుడిస్తే కిందనుంచి రంగు తేలుతుంది. తుడిచాక నిజంగానే చెయ్యి కనపడలేదు, మైనం కింద కలిసిపోయింది. బాపు ముఖం వెలిగింది.

కానీ తుడవకముందు, ఆరుతున్నప్పుడు, వేరే సంగతి జరిగింది. సున్నం తిన్నచోట మైనం ఎక్కువ పట్టింది. బానెట్ అంతా పల్చటి తెలుపు, చెయ్యి మాత్రం చిక్కటి తెలుపు. వంకర చిటికెన వేలితో సహా పైకి తేలింది. అమ్మ గడప దగ్గరినుంచి చూసి, తిట్లు తిన్నాక మొదటిసారి నవ్వింది. కోపం పోతే అమ్మ నోట కన్నడం వచ్చేది.

"నోడు, నోడు! చూడు, ఎంత తుడిచినా నేను పోను," అంది.

ఆ వానాకాలమే అమ్మ పోయింది.

జ్వరం. ఇక్కడి దవాఖానలో తగ్గక బీదర్ తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. వెనక సీట్లో నాయనమ్మ ఒడిలో అమ్మ తల. బండి నడిపింది బాపు. దారంతా వాన. అద్దంలోంచి ఆయనకు ఎదురుగా కనపడుతున్నది ఆ బానెట్. నేను ఇంటి దగ్గరే ఉన్నాను కాబట్టి ఇదంతా నేను చూసింది కాదు, కానీ చూసినట్టే ఉంటుంది. ఆ బండిలోనే వెనక్కి తెచ్చారు.

నాయనమ్మ ఆ కారు ఇంట్లో ఉండడానికి వీల్లేదంది. పీనుగును మోసిన బండి అంది. బాపు జీవితంలో మొదటిసారి తల్లి మాట వినలేదు. కారు అమ్మలేదు, రంగు మార్పించలేదు. ఆ అమావాస్యకు కడిగి, నీడకు పెట్టి, మైనం పూశాడు. అన్నీ పూశాక చివర బానెట్. పూసి, గుడ్డ భుజాన వేసుకుని, తెల్లగా ఆరేదాకా దాని ఎదుట నిలబడ్డాడు.

చెయ్యి వచ్చింది.

నేను అల్లం బస్తాల వెనక ఉన్నాను. బాపు బానెట్ మీదికి వంగి, చెవిలో చెప్పినట్టు మెల్లగా అన్నాడు. "తప్పయింది. గా మాట నేను అనొద్దుండె."

ఆ తరువాత ప్రతి అమావాస్యకూ అదే. ఆ మాటను ఆయన అమ్మ బతికుండగా వెనక్కి తీసుకోలేదు. పక్కింటివాళ్ల ముందు అన్నది, పడకలో కూడా దిద్దుకోలేదు. రేపు చెప్దాం అనుకునే మగవాళ్లలో మా బాపు ఒకడు. ఇక ఆయనకు అమ్మ దొరికేది మైనం ఆరడానికీ తుడవడానికీ మధ్య ఆ కాసేపే. నాకూ అంతే. అమ్మ ఫొటో ఒక్కటే ఉంది, పెళ్లిది. అందులో ఆమె తల వంచుకుని ఉంది, పాపిట తప్ప ఏమీ కనపడదు. అందుకే భయపడుతూనే ఆ బస్తాల వెనక చేరేదాన్ని. తెల్లటి పొరలోంచి ముందు బొటనవేలు వచ్చేది, తరువాత మిగతావి, చివరకు ఆ వంకర వేలు. పగలే, ఎండ కాస్తుండగానే, నా ఒంట్లోంచి చలి పుట్టుకొచ్చేది.

కొన్నేళ్లకు నాయనమ్మ పోరి పోరి బాపుకు మళ్లీ పెళ్లి చేసింది. చిన్నమ్మది మొగుడంపల్లి దిక్కు పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. వయసు నాకంటే మరీ ఎక్కువ కాదు. మెడలో పుస్తెతోపాటు ఒక చిన్న వెండి బిళ్ల ఉండేది, దానిమీద ఆడమనిషి రూపు. రెండో భార్యగా వచ్చిన ఆమె చనిపోయిన మొదటి ఆమె పేర దాన్ని వేసుకోవాలి. కొత్తచీర వస్తే ముందు బిళ్లకు చూపించి, ఆ తరువాతే తాను కట్టుకోవాలి. చిన్నమ్మ చీర మడత విప్పి, బిళ్లకు తాకించి, "అక్కా, కట్టుకుంటున్న," అని అడిగేది. జవాబు కోసం ఆగినట్టు ఒక్క క్షణం ఆగేది కూడా. నాకు ఆమె అంటే పడేది కాదు. అయినా ఆ ఆగడం చూస్తే నోరు మూసుకునేదాన్ని.

మొదటి అమావాస్యకు బాపు ఆమెను గుడ్డలు అందించడానికి పిలిచాడు. బానెట్ ఆరింది. చెయ్యి తేలింది. చిన్నమ్మ చేతిలోని గుడ్డలు జారిపోయాయి.

"ఇదేంది? ఎవరిది ఇది?"

బాపు కంటే ముందు నేనే బస్తాల వెనకనుంచి, కావాలనే గట్టిగా చెప్పాను. "మా అమ్మది."

భయపడి పుట్టింటికి పోతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే పోవాలనే కోరుకున్నాను. ఆమె కిందపడ్డ గుడ్డలు ఏరుకుని దులిపింది. ఇంకా దగ్గరికి జరిగి, వంగి, ఒక్కొక్క వేలూ చూసింది. చిటికెన వేలు దగ్గర ఆగింది. "అక్కకు నొచ్చింది గావచ్చు," అంది.

ఆ వంగడంలోనే మెడలోని బిళ్ల బానెట్‌కు తాకి సన్నగా, లోతుగా గీత పడింది. బాపు అరవలేదు. కానీ ఆయన ముఖం నల్లబడింది. అప్పటినుంచి కారు దగ్గరికి వచ్చినప్పుడల్లా చిన్నమ్మ ముందు బిళ్లను భుజం మీదినుంచి వీపు వెనక్కి వేసుకునేది. ముందేమో ఆ చెయ్యి, వెనకేమో ఆ బిళ్ల, మధ్యన గుడ్డ పట్టుకుని ఈమె. ఇంట్లో ఎవరమూ అది వింతగా అనుకోలేదు. ఏ వింతయినా నెలనెలా జరిగితే అలవాటైపోతుంది.

ఎనభైలు వచ్చాయి. నాయనమ్మ పోయింది. ఊళ్లో కార్లు పెరిగాయి, మా అంబాసిడర్‌ది పాతకాలం మొహం అయింది, కానీ మెరుపులో దాన్ని కొట్టే బండి లేదు. బజార్లో వ్యాపారులు బాపును ఆట పట్టించేవాళ్లు, "సేటూ, నీ బండిల మొఖం సూసుకోని గడ్డం గీసుకోవచ్చు," అని. ఆయన చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

ఒక అమావాస్య తెల్లారి చిన్నమ్మ రాతిబండ మీద మైనం గుడ్డలు ఉతుకుతూ నన్ను పిలిచింది. నేను కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. బండ మీదినుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి.

"ఇది ఏంది బిడ్డా?"

"దుమ్ము."

"మన ఊర్ల మన్ను ఎర్రగుంటది గదా. నల్లగెట్లొస్తది?"

చెప్పులకూ బట్టలకూ గోడలకూ పుట్టినప్పటినుంచి అంటుకుంటున్న మన్ను ఎర్రది. గుడ్డకు వచ్చేది మన్ను కాదు, కారు రంగు. ఆ మైనంలో మెరుపు కోసం ఏదో గరుకు కలిపి ఉంటారు. బాపు రుద్దినప్పుడల్లా చుట్టూ ఉన్న రంగు కొంచెం కొంచెం లేచిపోయి, సున్నం తిన్న గుంతకు సమానమవుతోంది. వేళ్ల అంచులు మసకబారుతున్నాయని నేను కూడా గమనించాను, కానీ నా కళ్లదే తప్పనుకున్నాను.

తరువాతి అమావాస్యకు చిన్నమ్మ సీసా దాచిపెట్టింది. బాపు ఇల్లంతా వెతికాడు.

"ఇగ పూయకున్రి. అక్క అరిగిపోతున్నది," అంది ఆమె.

బాపు అరుగు మీద కూలబడ్డాడు. ఆయనకు తెలుసునని ఆ ముఖం చూస్తేనే అర్థమైంది. ఎప్పటినుంచో తెలుసు.

"పూస్తే అరుగుతది," అన్నాడు. "పూయకపోతే కనపడది. ఏం జేయమంటవు?"

చిన్నమ్మ లోపలికి పోయి సీసా తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

ఆ చలికాలం ఒక అమావాస్యకు చెయ్యి రాలేదు.

బానెట్ అంతా ఒక్కతీరుగా తెల్లబడింది. బాపు నిలబడే ఉన్నాడు. నీడ జరిగి ఎండ బానెట్ మీదికి వచ్చింది, మైనం పట్టేసుకుంది, ఆయన కదల్లేదు. కొబ్బరికాయ కొట్టలేదు. చివరికి గుడ్డను బానెట్ మీదే వదిలేసి లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు తినలేదు. మరునాటినుంచి తిన్నాడు, అంగడికి పోయాడు, కానీ కారు తీయలేదు. తెల్లటి బానెట్‌తో అది రేకుల కింద అలాగే ఉండిపోయింది. మాట తగ్గింది. బేరం నడుస్తుండగానే మరిచిపోయి లేచి వచ్చేస్తున్నాడని అంగట్లో పనిచేసేవాళ్లు చెప్పారు. ఎవరితోనో చెప్పాల్సింది చెప్పకుండా మిగిలిపోయిన మనిషిలా ఇంట్లో తిరిగేవాడు. ఆయన కూడా పోతాడని నాకు ఖాయంగా అనిపించింది.

ఆయన అల్లం చూడడానికి రాయికోడ్ పోయి అక్కడే ఆగిపోయిన రోజుల్లో ఒక పొద్దున చిన్నమ్మ కారును నాచేత ఎండలోకి తోయించింది. గట్టిపడ్డ మైనాన్ని కిరసనాయిలుతో కడిగింది. తరువాత వంటింట్లోనుంచి పళ్లెం తెచ్చింది. అందులో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రముద్ద ఉంది. సున్నం ఎక్కువ వేసి కలిపిందని ఘాటు వాసనే చెప్పింది. ఏం చేయబోతోందో నాకు తెలిసిపోయింది.

బిళ్లను వీపు వెనక్కి వేసుకుంది. కుడి అరచేతికి ముద్ద దట్టంగా పూసుకుంది. తాను గీసిన పాత గీతను వేలితో వెతికి పట్టుకుని, దాన్నిబట్టి చోటు చూసుకుంది. చెయ్యి అద్దింది. అద్ది, ఎడమచేత్తో తన చిటికెన వేలును పట్టుకుని బయటికి వంచింది. నొప్పికి కళ్లు మూసుకుంది గానీ, వేలిని అలాగే నొక్కిపట్టి ఉంచింది. చాలాసేపు ఉంచింది.

నేను అమ్మ కోసం ఏడ్చింది తక్కువ, అప్పుడు చిన్నపిల్లను. ఆ రోజు ఏడ్చాను, ఎవరికోసమో తెలియకుండానే.

సున్నం ఆమె చేతిని కూడా తిన్నది. తోలు పొక్కి ఊడింది. ఎడమచేత్తో రొట్టెలు కాల్చింది. బాపు తిరిగొచ్చి చెయ్యి చూసి ఏమైందని అడిగితే రొట్టెల పెంక తగిలి కాలిందని చెప్పింది. అప్పటికే ఆ ముద్దను కొన్నాళ్లు ఎండకు వదిలి, కారు కడిగేసి, చెయ్యి కనపడకుండా ఒక పొర మైనం పూసి తుడిచి, రేకుల కింద ఎప్పటిలాగే పెట్టేశాం.

తరువాతి అమావాస్యకు బాపును ఆమే లేపింది. "చివరిసారి పూయున్రి," అంది. ఆయన మనసు లేకుండానే పూశాడు. బానెట్ చివర. గుడ్డ భుజాన వేసుకుని నిలబడ్డాడు. నేను బస్తాల దగ్గర, ఆమె కారు పక్కన.

ముందు బొటనవేలు వచ్చింది. తరువాత మిగతావి. తెల్లగా, చిక్కగా, అంచులు పదునుగా, కొత్తగా. చివరకు వంకర తిరిగిన చిటికెన వేలు.

బాపు వంగాడు. ఆయన పెదవులు కదులుతాయని, తప్పయింది అంటాడని ఎదురుచూశాను. అనలేదు. చాలాసేపు ఆ వేళ్లవైపు చూశాడు. తరువాత తల తిప్పి, గుడ్డ పట్టుకున్న చిన్నమ్మ కుడిచేతివైపు చూశాడు. ఇంకా ఎర్రగా, పొరలు పొరలుగా ఉంది అది. ఆమె దాన్ని కొంగులో దాచుకోబోయింది.

బాపు ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"నువ్వు కూసో. చెయ్యి మండుతది," అన్నాడు. తుడవడం మొదలుపెట్టబోయి ఆగి, ఆమెవైపు చూడకుండానే అన్నాడు. "ఆ బిళ్ల ముందటికి వేసుకో. గీత పడ్తే పడనీ."

చిన్నమ్మ వీపు మీదికి చెయ్యి పోనిచ్చి బిళ్లను తడిమింది, కానీ తీయలేదు.

"ఉండనియ్యిన్రి," అంది. "అక్కకు ఆడనే అలవాటయింది."